ఆరోగ్య ప్రకరణము: లేనివి కనుపించినపుడు

మా చదువరులలో నొక సోదరి తన తల్లిగారిని గూర్చి మాకు వ్రాసియున్నారు. ఆమెకు మెదడు వెనుకభాగమున పెరిగిన కంతిని శస్త్రచికిత్స చేసి తీసివేసిరి. ఇంటికి వచ్చిన నాలుగవనాటి సాయంకాలము ఆమె గోడవంక చూచి, "పట్టుపరికిణీలు కట్టుకొని నిలుచున్న ఆ పిల్లలెవరమ్మా?" అని యడిగెనట. అచ్చట నెవ్వరును లేరు. పొరుగింటి యామె గాలి సోకినదనెను. కుమారుడు మతి చలించెనేమో యని కంటతడి పెట్టెను. అది చూచి యాయమ్మ మరునాటినుండి తనకేమి కనుపించినను చెప్పుట మానివేసెను. ఆ మౌనమే మాకు మిక్కిలి భయము గొలిపినది.

సోదరీమణులారా, కన్ను గ్రహించిన దానిని రూపముగా దిద్దునది మెదడు. 1760లో జెనీవా పండితుడు చార్లెస్ బోనె, చూపు తగ్గిన తన తాతగారికి మనుష్యులు, పక్షులు, బండ్లు, భవనములు కనుపించుచుండెనని వ్రాసెను. ఆ వృద్ధుని బుద్ధి చక్కగనే యుండెను. అవి నిజము కావని యాయన యెరుగును. చూపు తగ్గినపుడు మెదడు తనంతట చిత్రములు కల్పించుకొనునని నేటి వైద్యులు చెప్పుదురు. శస్త్రచికిత్సానంతరము చూపులో నొక పార్శ్వము పోయినవారికిని ఇట్లు జరుగవచ్చును.

అయినను కారణమిదియొక్కటియే కాదు. ఒకే విధమైన వెలుగులో రంగులో క్షణకాలము మరల మరల ఒకే ప్రక్క కనుపించినచో, అది మూర్ఛరోగ లక్షణము కావచ్చును. రేయింబవళ్లు తెలియక, మనుష్యులను పోల్చుకొనలేక, సందెవేళ కలవరము హెచ్చినచో, వాపు, జ్వరము, నిద్రలేమి, లేక మందుల ప్రభావము కారణము కావచ్చును. వాపు తగ్గుటకిచ్చు స్టెరాయిడ్లును, నొప్పికిచ్చు కొన్ని మందులును ఇట్టి భ్రమలు కలిగింపగలవు. అట్లని వానిని మీయంతట మీరు మానిపింపరాదు. హఠాత్తుగా మానుట ప్రమాదకరము.

కావున రోగిని మందలింపక, "ఏమి కనుపించినదమ్మా?" యని నెమ్మదిగా నడుగుడు. ఏ వేళ, ఏ ప్రక్క, ఎంతసేపు కనుపించినదియు, అది నిజము కాదని ఆమెకు తెలిసినదియు లేనిదియు కాగితముపై వ్రాసి, వాడుచున్న మందుల పట్టికతో వైద్యునకు చూపుడు. సందెవేళ గదిలో దీపము వెలిగించియుంచుడు. మూర్ఛ, హెచ్చుచున్న తలనొప్పి, వాంతులు, జ్వరము, మత్తు, కాలుసేతుల బలహీనత, మాట తడబాటు, గాయమునుండి నీరు కారుట, వీనిలో నేది కనుపించినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి గొనిపోవలయును.

ఆ సోదరి మా సలహామేరకు తల్లినడిగి, వ్రాసికొని, వైద్యునకు చూపినది. పరీక్షింపగా ఆయమ్మకు ఎడమప్రక్క చూపు లేదని తేలెను. ఆమె కొన్ని దినములుగా ఎడమవైపు ద్వారబంధమునకు తగులుకొనుచుండుట ఇంటిలో నెవ్వరును గమనింపలేదట! ఇపుడు ఆమె తల త్రిప్పి చూచుట నేర్చుకొనుచున్నది. పిల్లలింకను అప్పుడప్పుడు వచ్చుచున్నారట. "వచ్చినారే, పోవుదురులే" యని కూతురితో చెప్పి, ఆమె తన పని తాను చూచుకొనుచున్నదట.