అపజయమునకు గడువు

న్యూయార్కు బ్రాడ్వేపై 1981 నవంబరులో ఆరంభమైన ‘మెరిలీ వుయ్ రోల్ అలాంగ్’ సంగీత నాటకము 16 ప్రదర్శనలతో ముగిసెను. అందు కథ వెనుకకు నడచును. మైత్రి చెడిన నడివయస్కులే చివర ఆశలు నిండిన యువకులుగా కనిపింతురు. పాత్రల పేర్లు చొక్కాలపై అచ్చొత్తినను పలువురు ప్రేక్షకులకు కథ అంతుపట్టలేదు.

సంగీతకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్, రచయిత జార్జి ఫర్త్ దానిని విడువలేదు. 1985లో కొన్ని పాటలు తొలగించి, క్రొత్తవి చేర్చిరి. వెనుకనడకను మాత్రము మార్చలేదు. 2023లో తిరిగి బ్రాడ్వే కెక్కిన ఆ నాటకము 2024లో ఉత్తమ పునఃప్రదర్శనకు టోనీ బహుమతి నందెను. అప్పటికి కర్తలిరువురును లేరు.

మొదటి వ్రాతకే మార్కులు వేసి ముగించు మన తరగతి గదులలో అట్టి గడువెక్కడ? తప్పులు చూపుడు, విద్యార్థి ఎన్నుకొన్న త్రోవను కొట్టివేయక, రెండవమారు వ్రాయనిండు.