పారిష్ కౌన్సిలూ, మన గ్రామసభా – ఒక విశ్రాంతోపాధ్యాయుని మనవి

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’మని మన పెద్దల మాట. తరగతిలో ఈ సామెత వచ్చినపుడల్లా ‘రచ్చ’ అంటే ఏమిటని పిల్లలను అడిగేవాడిని. ‘గొడవండీ’ అని ఏకకంఠంతో చెప్పేవారు. వారి తప్పేమీ లేదు, వారు విన్న భాష అది. ‘రథ్య’ అనే సంస్కృత శబ్దానికి వికృతి రచ్చ. నలుగురు నడిచే వీథి, నలుగురు కూడే చోటు అని దాని అర్థం. రచ్చబండ మీద కూర్చుని ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకున్న కాలం ఒకటుండేది. నేడు ‘రచ్చ చేయకు’ అంటున్నాము. ‘పంచాయతి’ గతీ అంతే. ఐదుగురు పెద్దలు కూర్చునే సభకు ఏర్పడిన పేరది. నేడు ‘వాడితో పంచాయితీ వచ్చింది’ అంటే తగవు వచ్చిందని అర్థం. ఊరివారు కూడి మాట్లాడుకొనే చోటికి మనం పెట్టుకున్న రెండు పేర్లూ కలహవాచకాలైపోయినాయి. అర్థాపకర్షకు ఉదాహరణలుగా వీటిని ముప్పై ఏళ్లకు పైగా బోధించాను గాని, ఆ అపకర్షలో నా పాలు కూడా ఉన్నదని ఆనాడు తోచలేదు. దానిని గురించే ఈ నాలుగు మాటలు.

2023 శరదృతువులో మా అమ్మాయి వద్దకు ఇంగ్లాండు వెళ్లి మూడు నెలలున్నాను. ఆక్స్‌ఫర్డుషైరులో ఒక చిన్న పల్లె. ఒక రోజు సాయంకాలం నడకకు వెళ్లినపుడు బస్సు ఆగే చోట గాజు తలుపున్న నోటీసు పలక కనిపించింది. లోపల ఒక కాగితం. వచ్చే వారం పారిష్ కౌన్సిలు సమావేశం, స్థలం గ్రామ మందిరం, సమయం రాత్రి ఏడున్నర, చర్చించే అంశాలు ఇవి అని వరుస సంఖ్యలతో ఉన్నది. ప్రజలు రావచ్చునని కూడా రాశారు. అల్లుడిని అడిగితే, ‘నేనెప్పుడూ వెళ్లలేదు మామయ్యగారూ, అక్కడేముంటుంది, చెత్తకుండీల గొడవ’ అన్నాడు. ఆ మాట విన్నాక చూడవలెనన్న కోరిక మరింత పెరిగింది.

ముందుగా ఈ వ్యవస్థను గురించి రెండు మాటలు. పారిష్ అనేది మొదట చర్చి పరిధిలోని ఊరు. గ్రీకు భాషలో ‘పక్కన నివసించడం’ అనే అర్థమిచ్చే మాట నుండి వచ్చినది, అంటే మన ఇరుగుపొరుగే. 1894లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంతో ఊరి పాలన చర్చి నుండి వేరుపడి, ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లకు వచ్చింది. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు లేని ఆ కాలంలోనే, ఈ కౌన్సిళ్లకు వివాహితలతో సహా స్త్రీలు ఓటు వేయవచ్చునని, సభ్యులు కావచ్చునని ఆ చట్టం అనుమతించింది. నేడు ఇంగ్లాండులో ఇటువంటి గ్రామ, పట్టణ కౌన్సిళ్లు సుమారు 10,000 ఉన్నవి. ఒక్కొక్క దానిలో కనీసం ఐదుగురు సభ్యులుండాలి. చూడండి, మన పంచాయతిలోని ‘పంచ’ అక్కడా ఉన్నది!

సమావేశం నాడు గొడుగు పట్టుకుని వెళ్లాను. చిన్న గది, పొడవైన బల్ల, ఏడుగురు సభ్యులు, చివరన ఒక గుమస్తా. సభ్యులకు జీతం లేదు. గుమస్తాకు మాత్రం వారానికి కొన్ని గంటల పనికి జీతం, కాని ఓటు లేదు. ప్రేక్షకులం నలుగురం.

మొదట రానివారి క్షమాపణలు చదివారు. తరువాత ప్రజలు మాట్లాడడానికి పదిహేను నిమిషాలు. ఒక వృద్ధురాలు లేచి, చర్చి పక్క కాలిబాట మీద కొమ్మలు వాలి దీపం వెలుగు పడడం లేదన్నది. గుమస్తా రాసుకున్నది. ఆపైన గత సమావేశపు మినిట్సు. అందరికీ ముందే పంపినప్పటికీ ఒక సభ్యుడు, ‘మూడవ అంశంలో నేను వ్యతిరేకించానని ఉండాలి, తటస్థంగా ఉన్నానని రాశారు’ అన్నాడు. దిద్దారు. దిద్దిన తరువాతనే అధ్యక్షుడు సంతకం చేశాడు.

తరువాత అసలు వ్యవహారం. పిల్లల మైదానంలో ఊయల గొలుసు అరిగింది, కొత్తది వేయాలా, ఉన్నదానికి అతుకు వేయాలా? దీని మీద ఇరవై నిమిషాలు. రెండు అంగళ్ల నుండి ధరలు తెప్పించారు, మూడవది రావలసి ఉన్నది. మంచు కురిసే రోజులలో రోడ్డు మీద చల్లే ఉప్పు పెట్టె ఏ మలుపులో ఉంచాలి? కుక్కల మలినం వేసే కుండీ నిండిపోతున్నది, వారానికి రెండుసార్లు ఖాళీ చేయించడానికి ఎంత అవుతుంది? కూరగాయల మడులు అద్దెకు కావాలన్నవారి జాబితా ఎంతవరకు వచ్చింది? చివరకు వచ్చే ఏటి బడ్జెటు. ఆ కౌన్సిలు తనకు కావలసిన మొత్తాన్ని తానే నిర్ణయించుకుంటే, పై కౌన్సిలు దానిని ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి ఇస్తుంది. పన్ను పెంచితే ఇంటికి ఏడాదికి ఎన్ని పౌన్లు పడుతుందో లెక్కకట్టి, ఆ పెంపు తగునా అని తర్జనభర్జన పడ్డారు. వారి ఇంటికీ అదే పన్ను కదా!

మధ్యలో జరిగిన ఒక చిన్న సంగతి నా మనస్సులో నిలిచిపోయింది. ఎవరో ఇంటి వెనుక గది కట్టుకుంటామని పెట్టుకున్న దరఖాస్తు అభిప్రాయానికి వచ్చింది. వెంటనే ఒక సభ్యురాలు లేచి, ‘ఆ స్థలం మా సరిహద్దు, ఇందులో నాకు స్వప్రయోజనం ఉన్నది’ అని చెప్పి బయటకు వెళ్లిపోయింది. చర్చ ముగిసినదాకా వసారాలో చలిలో నిలబడింది. లోపలికి పిలిచాక వచ్చి కూర్చున్నది. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది వారికి మామూలు.

నాకు మాత్రం అది మామూలు కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పుకోవలసి ఉన్నది.

మాది కృష్ణా డెల్టాలో ఒక గ్రామం. నేను ఆ ఊరి పాఠశాలలోనే చాలాకాలం తెలుగు పండితుడిగా పనిచేశాను. ఏడాదికి రెండు మూడుసార్లు పంచాయతీ నుండి ఒక మనిషి తీర్మానాల పుస్తకం పట్టుకుని బడికి వచ్చేవాడు. ‘గ్రామసభ అయిందండీ, మాస్టారి సంతకం ఉంటే నిండుగా ఉంటుందన్నారు’ అనేవాడు. సభ అయినదో లేదో నేను అడగలేదు. కాకపోయినదని నాకు తెలుసు. పైన రాసినదేమిటో చదవలేదు. పిల్లల నోటు పుస్తకంలో ఒక్క అరసున్న తప్పితే ఎర్రసిరాతో చుట్టిన ఈ చేతితోనే, చదవని కాగితం కింద పొంకంగా సంతకం చేశాను. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి.

2009లో చేసిన ఒక సంతకం పైన ఉన్న తీర్మానం ఇది: ఊరికి దక్షిణాన కాలువ గట్టుకు పోయే డొంక నిరుపయోగంగా ఉన్నది, దానిని పక్క పొలంలో తవ్వే చేపల చెరువు గట్టులో కలుపుకొనుటకు గ్రామసభకు ఆక్షేపణ లేదు. ఆ డొంక నిరుపయోగం కాదు. దళితవాడవారు శవాన్ని శ్మశానానికి మోసుకుపోయే దారి అదొక్కటే. అది పోయిన తరువాత వారు రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. వానాకాలంలో మోకాటి లోతు బురదలో పాడె మోయవలసి వచ్చింది.

2016లో నా పూర్వ విద్యార్థి ఒకడు, ఆ వాడ పిల్లవాడే, సమాచార హక్కు చట్టం కింద ఆ పుట నకలు తీయించి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం చూపి, ‘మాస్టారూ, ఇది మీ సంతకమేనాండీ?’ అని అడిగాడు. ఔనన్నాను. ‘సభకు మీరు వెళ్లారాండీ?’ అన్నాడు. నేను మాట్లాడలేదు. వాడు ఇంకేమీ అనకుండా దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ దణ్ణం కన్న నాలుగు దెబ్బలు కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

పాఠకులు అపార్థం చేసుకోరాదు. తెల్లవాడి ఊరు స్వర్గమనీ, మనది నరకమనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. పారిష్ కౌన్సిళ్లలోనూ లోపాలున్నవి. అనేకచోట్ల పోటీయే ఉండదు, ఖాళీలను సభ్యులే ఎవరినో ఒకరిని పిలిచి నింపుకుంటారు. నేను చూసిన బల్ల చుట్టూ అందరూ నా వయసువారే, మా అల్లుడి ఈడు వారొక్కరూ లేరు. ఇల్లు కట్టుకొనే దరఖాస్తు మీద వారు అభిప్రాయం చెప్పగలరు గాని నిర్ణయం పైవారిది. ఇక కలహాలంటారా, చెషైరులోని హాండ్‌ఫర్తు అనే ఊరి కౌన్సిలు 2020 డిసెంబరులో కంప్యూటరు తెరల మీద జరుపుకున్న సమావేశంలో సభ్యులు అరుచుకున్న తీరును, ఆ దృశ్యం 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చాక లోకమంతా చూసి నవ్వింది. రచ్చ ఎక్కడైనా రచ్చే.

చట్టాల విషయంలోనూ మనం పేదవారం కాము. నిజం చెప్పాలంటే మన గ్రామసభ వారి కౌన్సిలు కన్న గొప్ప భావన. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తినీ గ్రామసభ సభ్యుని చేసింది. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఏడాదికి కనీసం రెండు గ్రామసభలని నియమించింది. తెలంగాణలో 2018 నాటి చట్టం రెండు నెలలకొకటి అన్నది. ఇంత రాసుకున్నాము. కాని 2018 ఆగస్టులో సర్పంచుల పదవీకాలం ముగిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో తిరిగి ఎన్నికలు జరిగినది 2021 ఫిబ్రవరిలో. ఆ రెండున్నర ఏళ్లూ ప్రత్యేకాధికారుల పాలన. ఏమిటీ ఆలస్యమని మా ఊరిలో ఒక్కరూ అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు, నేనూ అడగలేదు. లేని సభ ఆగిపోతే ఎవరికి లోటు?

ఇక్కడే నా అభిప్రాయం చెప్పుకుంటాను. ఊరి స్వపరిపాలన అంటే పెద్ద ఉపన్యాసం, పెద్ద నిధి, పెద్ద నాయకుడు అని మనం భ్రమపడ్డాము. అది ఊయల గొలుసు వంటి చిన్న పనులను విసుగు లేకుండా నలుగురిలో మాట్లాడుకోవడం. విసుగు పుట్టించే ఆ ఇరవై నిమిషాలలోనే ఒక రక్షణ ఉన్నది. గొలుసు ధర గురించి బహిరంగంగా మాట్లాడుకునే చోట, డొంకను ఎవరికీ తెలియకుండా చెరువు గట్టులో కలపడం కష్టం. దక్షిణపు డొంక అంశాన్ని ముందుగా నోటీసు పలక మీద పెట్టి, సభలో పైకి చదివి ఉంటే, ఆ వాడ నుండి ఒక్క ముసలమ్మ లేచి ‘అయ్యా, మా శవాలెట్టా పోతాయి?’ అని అడిగితే చాలు, తీర్మానం అక్కడే ఆగిపోయేది. అన్యాయం చేసినవాడు ఒకడే కావచ్చు. దానికి వీలు కల్పించినది మాత్రం సభను విసుగనుకున్న మేమంతా, ముఖ్యంగా చదువుకున్నవారము.

‘మన ఊళ్లలో నోరెత్తితే బ్రతకనిస్తారా?’ అని కొందరు మిత్రులు నన్నడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కూలికి పోయేవాడు మోతుబరికి ఎదురు మాట్లాడడం సులభం కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే అడుగుతున్నాను. నెలనెలా పింఛను బ్యాంకులో పడే నాబోటి వాడికేమి భయం? నన్ను పనిలోనుండి తీసివేయగలవారు ఎవరు? ఊరిలో ఎవరి దయ మీదా ఆధారపడని వారమైన మేము మౌనంగా ఉండి, ఆధారపడినవాడిని ధైర్యంగా మాట్లాడమనడం ఏమి ధర్మం?

తిరిగి వచ్చిన తరువాత 2024 అక్టోబరు 2న మా ఊరి గ్రామసభకు వెళ్లాను. ముప్పైమంది ఉన్నారు. కిందటి సభ తీర్మానాలు చదివి వినిపించమని అడిగాను. పంచాయతీ కార్యదర్శి చిన్నమ్మాయి. ఒక్క క్షణం తడబడి, ‘ఇంతవరకు ఎవరూ అడగలేదండీ’ అని చదివింది. తరువాత నేను రాసి తెచ్చుకున్న కాగితం చదివాను. 2009 నాటి ఆ సభకు నేను హాజరు కాలేదనీ, చదవకుండా సంతకం చేశాననీ, ఆ సంతకాన్ని సాక్ష్యంగా పరిగణించరాదనీ, ఈ నా మాటను పుస్తకంలో నమోదు చేయవలసినదనీ ప్రార్థించాను. సభలో కొంత గొణుగుడు. ‘ముసలితనంలో మాస్టారికెందుకీ పంచాయితీ’ అని వెనుక నుండి ఎవరో అన్నారు. కార్యదర్శి మాత్రం రాసింది. రాసినది చదివించుకుని, ఒక పదం దిద్దించి, అప్పుడు సంతకం చేశాను.

డొంక ఇంకా తెరుచుకోలేదు. కొలతలు వేయడానికి సర్వేయరు రావాలంటున్నారు. ప్రతి సభలోనూ అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను. నా పూర్వ విద్యార్థి మొన్నటి సభకు వచ్చాడు. దూరంగానే కూర్చున్నాడు. వచ్చాడు, అది చాలు.

విశ్రాంత ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. మీ ఊరి గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. వెళ్లండి. కిందటి తీర్మానాలను చదివించండి. చదవనిదానిపై సంతకం చేయకండి. రచ్చ, పంచాయితీ అనే మాటలకు మళ్లీ మంచి అర్థం రావాలంటే నిఘంటువులు దిద్దితే సరిపోదు.

స్వస్తి.