పెరటి కబుర్లు: ఆకు పసుపెక్కితే...

శివరాత్రికి ముందు బెంగళూరు నుంచి బాగేపల్లికి బయలుదేరాం. చిక్కబళ్లాపురం దాటాక రోడ్డు పక్క కానుగ చెట్లు పసుపు తిరిగి ఆకు రాలుస్తున్నాయి. "అమ్మమ్మా, చెట్లకు కామెర్లా?" అంది మనవరాలు. "కాదమ్మా, ఉగాదికి కొత్త బట్టలు కట్టుకోవడానికి పాతవి విడుస్తున్నాయి" అన్నాను.

బాగేపల్లిలో వదిన ఇంటి ముందు మాత్రం ఆ మాట అనలేకపోయాను. ప్రహరీ పొడుగునా అన్నయ్య నాటిన నూరువరహాల పొదలు పసుపు తిరిగి ఉన్నాయి. అన్నయ్య పోయి రెండేళ్లు.

"దినామూ రెండేసి బిందెలు పోస్తానే ఉండాను. యూరియా గూడా ఏస్తిని. నా చేతిలోనే పోతాయేమో!" అంది వదిన.

దగ్గరికెళ్లి చూశాను. కింది ముదురాకులు పచ్చగానే ఉన్నాయి. కొసన లేతాకులే పసుపు, వాటిలో ఈనెలు మాత్రం ఆకుపచ్చ. రోగం గుట్టు అక్కడే ఉంది. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకులో ఉన్నది తీసి లేతాకుకు పంపిస్తుంది. అందుకే ముదురాకు ముందు పాలిపోతుంది. ఇనుమును అలా పంపలేదు కనుక ఆ కొరత లేతాకులో ముందు కనిపిస్తుంది. వదిన పొదలకు కావలసింది ఇనుము, యూరియా కాదు.

"ఎర్రమట్టిలో ఇనుముకేం కరువు?" అనవచ్చు మీరు. కరువు లేదు, వేరుకు అందదు, అంతే. చిత్రావతి ఏడాది పొడుగునా పారే నది కాదు. వందల అడుగుల లోతు బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలోని సున్నపు లవణాలు రోజూ మొదట్లో చేరుతుంటే ఇనుము కరగకుండా బిగుసుకుపోతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లపొర వదినకు చూపించాను. పొద మొదట్లో మట్టి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగింది. ప్రహరీ కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్లలు అక్కడే పూడ్చారు మరి!

చేసిన వైద్యం ఇది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లాం. పది రోజులకొకసారి, మూడుసార్లు. గోడ మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త! ఇది తాత్కాలికమే. పెళ్లలు తవ్వి తీసి, మాగిన పశువుల ఎరువు వేయాలి. మట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఎప్పుడూ చిత్తడిగా ఉంటే ఊపిరాడక వేర్లు కుళ్లి, అప్పుడూ ఆకు పసుపెక్కుతుంది. వానాకాలంలో మిద్దె నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే వాటికి మించిన మందు లేదు.

మట్టి సంగతి ఇంకా తెలుసుకోవాలంటే చింతామణి దగ్గర కురుబూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ అడగండి.

ఉగాది నాడు వదిన ఫోన్ చేసింది. పసుపాకులు పూర్తిగా కోలుకోలేదట గానీ కొత్త చిగురు పచ్చగా వచ్చిందట. ఇప్పుడు బిందె ఎత్తేముందు మట్టి తాకి చూస్తోందట, ఆకు తిప్పి చూస్తోందట. మీరూ చూడండి. వచ్చే సంచికలో కలుద్దాం.