ఫోనులో దాచిన కాగితం సమయానికి దొరకాలంటే...

ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల మార్కుల జాబితాలు, ఆసుపత్రి చీటీలు... ఒకప్పుడు ట్రంకుపెట్టెలో ఉండేవన్నీ ఇప్పుడు ఫోనులోకి చేరాయి. ఫోటో తీసి పెట్టేశాం, ఇక భయం లేదనుకుంటాం. తీరా బ్యాంకు కౌంటరు ముందు నిలబడి వెతికితే ఏదీ రాదు. దాచడం వేరు, దొరకడం వేరు కదండీ!

ఎందుకు దొరకదో చూద్దాం. కాగితాలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ముందే ఫైళ్లన్నీ తెరిచి, ఏ మాట ఏ ఫైల్లో ఉందో పట్టీ రాసుకుంటుంది. దీన్ని ఇండెక్సింగ్ అంటారు. మనం అడిగినప్పుడు ఆ పట్టీనే చూస్తుంది. దానికి చదవడం రాని ఫైలు పట్టీకి ఎక్కదు.

వర్డ్ ఫైలు, కంప్యూటర్లోనే తయారైన పీడీఎఫ్ అయితే లోపల అక్షరాలుంటాయి, చదువుకుంటుంది. ఫోటో అయితే లోపల ఉండేది బొమ్మ మాత్రమే. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా చాలాసార్లు అంతే, పేరుకే పీడీఎఫ్! ఈ-ఆధార్ లాగా పాస్‌వర్డ్ ఉన్న ఫైలేమో తాళం వేసిన బీరువా.

తెలుసుకోవడం సులువే. పీడీఎఫ్ తెరిచి ఒక మాట మీద వేలు నొక్కి పట్టండి. ఆ మాట రంగు మారితే సాధారణంగా అక్షరాలున్నట్టే. బొమ్మలోంచి అక్షరాలు రాబట్టే పద్ధతి పేరు ఓసీఆర్. గూగుల్ లెన్స్ తెలుగు అచ్చును కూడా చదువుతుంది. చేతిరాత, మాసిన రబ్బరు ముద్రల దగ్గర తడబడుతుంది. సర్వే నంబర్లు, డబ్బు అంకెలు అసలు కాగితంతో సరిచూసుకోవాల్సిందే.

మన తెలుగుకు ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లో అనూ లాంటి పాత ఫాంట్లలో కొట్టించిన కాగితం కంటికి చక్కని తెలుగే. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉంటాయి. మీరు తెలుగులో వెతికితే కలవదు. కొట్టించేటప్పుడే "యూనికోడ్‌లో ఇవ్వన్నా" అని అడగండి.

ఊరి పేరుతో వెతికినా జాగ్రత్త. మాది కోయిలకుంట్ల. కొందరు కోవెలకుంట్ల అని రాస్తారు. పాత కాగితాల్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాల జిల్లా. ఒక్క పేరుతో వెతికితే సగం కాగితాలు బయటికి రావు.

అందుకే ఈ మూడు పనులు చేయండి:

1. ఫైలుకు మీరే పేరు పెట్టండి: ఎవరిది, ఏమిటి, ఏ సంవత్సరం. "అత్తమ్మ-కంటి ఆపరేషన్-2023" అన్నట్టు. లోపలిది చదవలేకపోయినా పేరును మాత్రం వెతికిపెడుతుంది.

2. డిజీలాకర్‌లో మనం పెట్టే ఫైలు పీడీఎఫ్, జేపీఈజీ, పీఎన్‌జీల్లో ఏదో ఒకటై, 10 ఎంబీ లోపు ఉండాలి. మనం ఎక్కించినది ఉత్త నకలే. ప్రభుత్వ శాఖ నేరుగా అందులోకి జారీ చేసినదానికే అసలు కాగితంతో సమానమైన విలువ.

3. అసలు దస్తావేజులు బీరువాలోనే ఉండనీయండి.

మూతలు పెట్టిన డబ్బాలన్నీ ఒక్కలాగే ఉంటే ఏది కందిపప్పో ఏది శనగపప్పో ఎవరికి తెలుస్తుంది? చీటీ అంటించాల్సిందే. మనం ఇంట్లో లేని రోజు ఆసుపత్రి కాగితం కావాల్సొస్తే, పిల్లలైనా ఆ పేరు చూసే తీసిస్తారు. ఈ ఆదివారం వంటపని అయ్యాక పది ఫైళ్లకు పేర్లు పెట్టి చూడండి!