వెంటిలేటర్ మీద పేరు రాయించుకునే ముందు ఒక్క మాట



పోయిన మీటింగులో చందాలు వసూలు చేసి ఆసుపత్రికి పిల్లల వెంటిలేటర్ ఒకటి ఇద్దామంటే అందరూ చప్పట్లు కొట్టినారు. నేనొక్కడినే ఇప్పుడే వద్దన్నాను. "పసిపిల్లల ప్రాణం దగ్గర కూడా అడ్డం పడతావా?" అన్నారు. పూర్తిగా చదివి తర్వాత తిట్టండి.

వెంటిలేటర్ ఊపిరి ఇస్తుంది, జబ్బు ఏదో చెప్పదు. పైగా గొంతులో వేసిన ఆ గొట్టమే క్రిములకు దారి. రెండు రోజులు దాటితే దానివల్లే న్యుమోనియా రావచ్చు. వచ్చిందని తెలిసేదెట్ల? మామూలు బిడ్డ అయితే ఏడుస్తుంది, దగ్గుతుంది. మత్తుమందులో ఉన్న బిడ్డ ఏం చెబుతుంది? గొట్టంలోంచి తీసిన కఫంలో క్రిమి కనబడినంత మాత్రాన అదే జబ్బు అనలేం, ఊరికే అక్కడ చేరి ఉండొచ్చు.

బెంగళూరులాంటి చోట ఎక్మో పెట్టిన పిల్లల సంగతి ఇంకా కష్టం. ఆ యంత్రం రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, వెచ్చబెట్టి లోపలికి పంపుతుంది. ఒంటి వేడి యంత్రం చేతిలో ఉంటుంది కాబట్టి జ్వరం బయటపడదు. రక్తం గొట్టాలకు తగిలినందుకే సీఆర్‌పీ పెరగొచ్చు. అంత పెద్ద డాక్టర్లు కూడా చివరికి చూసేది రక్తం కల్చర్ రిపోర్టునే.

ఆ కల్చర్ యాంటీబయాటిక్ పడకముందే తీయాలి. బిడ్డ బరువుకు తగినంత రక్తం తీయాలి. తక్కువైతే ఉన్న క్రిమి దొరకదు, చర్మం సరిగా తుడవకపోతే లేని క్రిమి కనబడుతుంది. బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఇక్కడ ఇంజెక్షన్ వేసి అక్కడికి పంపి, అక్కడ కల్చర్ తీస్తే దొంగ పోయినాక కుక్కను వదిలినట్లే.

మందు ఆపమని నేను చెప్పడం లేదు. సెప్సిస్‌తో షాక్‌లో ఉన్న పిల్లలకు గంటలోపల యాంటీబయాటిక్ పడాలని 2020 అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కల్చర్ ముందు తీయమంటాయి, దానికోసం మందు ఆలస్యం చేయొద్దంటాయి. రిపోర్టు వచ్చినాక మందు మార్చాలి, అక్కర లేకుంటే ఆపాలి. రిపోర్టే లేకుంటే ఏం మారుస్తారు? ఇంకా పెద్ద మందు, ఇంకా పెద్ద బిల్లు.

ఇందులో మన తప్పు కూడా ఉంది. చాలా యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మింది రిజిస్టర్‌లో రాయాలని షెడ్యూల్ హెచ్1 నియమం 2014 నుంచి ఉంది. అయినా బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే నేరుగా మందుల అంగడికి పోయేది మనమే. అట్ల మందుకు అలవాటుపడిన క్రిమే రేపు ఐసీయూలో ఎదురు తిరుగుతుంది.

2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయినాం. మెడికల్ కాలేజీ వచ్చింది. మెడికల్ కాలేజీ అంటే మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి. బాగేపల్లి, చింతామణి ఆసుపత్రుల్లో తీసిన కల్చర్ సీసాలు రాత్రయినా చిక్కబళ్ళాపురం చేరే ఏర్పాటు చేయమని సంఘం తరఫున అర్జీ పెడదాం. చందా డబ్బు సీసాలకు, బండికి ఇద్దాం. సీసా మీద మన పేరు ఉండదు, ఫోటో పడదు. అందుకే ఎవరూ ఇవ్వడం లేదు.

ఇంట్లో బిడ్డ ఐసీయూలో ఉంటే మూడు మాటలు అడగండి: మందుకు ముందు కల్చర్ తీసినారా? రిపోర్టు ఎప్పుడొస్తుంది? అది చూసి ఏ మందు ఆపొచ్చు? డాక్టర్‌తో జగడం కాదు, మర్యాదగా అడగండి. రాతపూర్వకంగా కోరితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్య మండలి నియమాల్లోనే ఉంది.

వెంటిలేటర్ కూడా ఇద్దాం, నేను కూడా నా వంతు ఇస్తాను. కానీ ముందు సీసా, తర్వాత యంత్రం. కాదనే వాళ్ళు వచ్చే మీటింగులో కారణం చెప్పండి.