ఈగలు చావడం చూసిన జాలర్లు

చేపలకు ఎరగా వేసే ఒక రకం సముద్రపు పురుగు చచ్చి పడి ఉంటే, దాని మీద వాలిన ఈగలు కదల్లేక చచ్చిపోతాయని జపాన్ జాలర్లకు తెలుసు. ఆ పురుగుల్ని ముట్టుకున్న మనుషులకూ తలనొప్పి, వాంతులు వచ్చేవి. జాలర్ల మాటే కదా అని అక్కడి శాస్త్రజ్ఞులు కొట్టిపారేయలేదు. నిట్టా అనే పరిశోధకుడు 1934లో ఆ విషాన్ని వేరుచేసి, తర్వాత నెరీస్‌టాక్సిన్ అని పేరు పెట్టారు. దాని అణు నిర్మాణం తేలేసరికి 1962 వచ్చింది. ఆ నమూనాతోనే టకెడా కంపెనీ కార్టాప్ తయారుచేసింది. మన వరి రైతులు మొగి పురుగుకు చల్లే 4జి గుళికల్లో ఉండే కార్టాప్ ఇదే.

పురుగు ఒంట్లో చేరాక కార్టాప్ నెరీస్‌టాక్సిన్‌గా మారుతుంది. కీటకాల మెదడులో ఒక నాడీకణం నుంచి ఇంకో కణానికి కబురు మోసేది ముఖ్యంగా ఎసిటైల్‌కోలిన్. అది అవతలి కణం మీది గ్రాహకాన్ని తాకగానే అందులోని ద్వారం తెరుచుకుని, సోడియం లోపలికి దూకుతుంది, కబురు ముందుకు సాగుతుంది. నెరీస్‌టాక్సిన్ ఆ ద్వారానికే అడ్డుపడుతుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందు పనిచేసేదీ ఈ గ్రాహకం మీదే, కానీ తీరు వేరు: అది ద్వారాన్ని తెరిచే ఉంచి పురుగును వణికించి చంపుతుంది. కార్టాప్ తగిలిన పురుగు మాత్రం చచ్చుబడి, మేత మానేసి, మెల్లగా చస్తుంది. మందు వేసిన మర్నాడు పురుగు ఇంకా బతికే ఉందని మళ్లీ వేయడం దండగ.

మనిషి కండరాల్ని కదిలించేదీ ఎసిటైల్‌కోలినే. అందుకే ఈ మందు ఒంట్లోకి ఎక్కువగా పోతే ఊపిరి ఆడదు. పట్టుపురుగుకు ఇది మహా విషం. సముద్రజీవి నుంచి పుట్టినా చేపలకూ విషమే.

ఇన్ని దశాబ్దాల పరిశోధన మన ఊళ్లకు చేరేసరికి బస్తా, మోతాదు మాత్రమే మిగిలాయి. ఆ మందు నరాల మీద ఎలా పనిచేస్తుందో రైతుకు చెప్పేవాళ్లు లేరు. తెలిస్తే, పురుగు ఒకే మందుకు అలవాటు పడకుండా మందు గ్రూపు మారుస్తూ ఉండటం ఎందుకో కూడా అర్థమవుతుంది. పనిచేసే తీరును బట్టి కార్టాప్‌ది 14వ గ్రూపు, ఇమిడాక్లోప్రిడ్‌ది 4ఏ. గోదావరి జిల్లాల్లో చాలాచోట్ల వరి మడి పక్కనే చేపల చెరువు ఉంటుంది. గుళికలు వేసిన మడి నీటిని చెరువులోకి, కాలవలోకి వదలకండి. పట్టుపురుగులు మేసే మల్బరీ తోట దగ్గర్లో ఉంటే ఈ మందు జోలికే వెళ్లకండి.