పుట్టుమచ్చలు అడిగారు, పడనివి అడగలేదు

బడిలో పిల్లల్ని చేర్పించేటప్పుడు ఫారంలో ఏమేం అడుగుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. కులం, ఉపకులం, ఆధార్ నంబరు, మాతృభాష, ఇంతకుముందు చదివిన బడి. ఆఖరున రెండు పుట్టుమచ్చలు. మా చిన్నోడి ఎడమ మోచేతి కింద మచ్చ ఇప్పటికి రెండు బడుల రికార్డుల్లో భద్రంగా ఉంది. వాడికి పల్లీలు పడవన్న సంగతి రాసుకోవడానికి మాత్రం ఏ ఫారంలోనూ ఒక గడి లేదు.

నోటితో చెప్పలేదా అంటే చెప్పాను. "పల్లీలు పడవు సార్" అంటే, "మా పాపకు కాకరకాయ పడదమ్మా" అని నవ్వారు. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, మన మాటది కూడా. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఈ ఒక్క మాట మీద చాలాసార్లు ఆలోచించాను. అత్తకు కోడలు పడదు. ఒకరికి చల్లనీళ్ళు పడవు, ఇంకొకరికి వంకాయ పడదు. ఇష్టం లేకపోయినా పడదే, ఒళ్ళు దురద పెట్టినా పడదే, గొంతు వాచి ఊపిరి ఆగిపోయేదైనా పడదే. అందుకే నేనిప్పుడు ఆ మాట మానేసి "తింటే ప్రాణం మీదికొస్తది" అంటున్నాను. మరీ మొరటుగా ఉందంటారు మా ఆయన. మెత్తగా చెప్పినన్నాళ్ళూ ఏం జరిగిందో చూశాం కదా.

ఆ రోజు క్లాసులో ఎవరిదో పుట్టినరోజు. పంచిన చాక్లెట్‌లో పల్లీ ముక్కలున్నాయి. కాసేపటికే పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దులు లేచాయి. ఎండకు పిత్తం లేచిందనుకుని ఆయా కొబ్బరినూనె రాసింది. ఆమెనేమీ అనను, మా అమ్మయినా అదే చేసేది. తర్వాత వాడు దగ్గడం మొదలుపెడితే నాకు ఫోన్ చేశారు, "మీవోడికి పానం బాగలేదు, వచ్చి తీస్కపోండి" అని. ఆటో దొరికి నేను వెళ్ళేసరికి అరగంట. వాడు మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు, గొంతులోంచి పిల్లికూతలు. మానేరు వంతెన దాటి సిరిసిల్ల చేరేదాకా నేను మొక్కని దేవుడు లేడు. అక్కడ డాక్టరు నన్ను ఒక్క ప్రశ్న అడిగి, వెంటనే వాడి తొడలో సూది వేశారు. కాసేపట్లోనే వాడి ఊపిరి సర్దుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావచ్చని ఆ రాత్రి ఉంచుకున్నారు.

ఆ సూది పేరు అడ్రినలిన్. ఖరీదైన మందు కాదు, కొత్త మందూ కాదు. ప్రభుత్వం అత్యవసర మందుల జాబితాలో పెట్టుకున్నదే. సిట్రజిన్ గోళీ దురదకు పనికొస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. అసలు విషయం ఏమిటంటే, ఈ మందు మన బడులకు ఎప్పుడో వచ్చింది. 2017 ఆగస్టులో మీజిల్స్-రూబెల్లా టీకాలు బడుల్లోనే వేశారు, గుర్తుందా? టీకా వేసి పిల్లల్ని అరగంట కూర్చోబెట్టారు. ఎవరికైనా రియాక్షన్ వస్తే వెంటనే ఇవ్వడానికే టీకాలు వేసే చోట అడ్రినలిన్ ఉన్న కిట్ ఉంచుతారు. మన ఊళ్ళో టీకాలు వేసే ఏఎన్ఎమ్మకు ఆ మొదటి డోసు ఇవ్వడం నేర్పిస్తారు, ఇవ్వొచ్చని అనుమతీ ఉంది. అంటే సర్కారుకు ప్రమాదం తెలుసు, మందు తెలుసు, వేసే మనిషి కూడా ఉంది. టీకా వల్ల వస్తే ఒక ఏర్పాటు, చాక్లెట్ వల్ల వస్తే కొబ్బరినూనె. ఇదెక్కడి లెక్క?

"మేం టీచర్లం, డాక్టర్లం కాదు" అంటారు. కెనడాలో ఒంటారియో రాష్ట్రం వాళ్ళూ ఒకప్పుడు ఇలాగే ఉన్నారు. 2003లో సబ్రీనా షానన్ అనే పదమూడేళ్ళ పిల్ల బడిలో తిన్నది వికటించి చనిపోయింది. 2005లో ఆ పిల్ల పేరు మీదే చట్టం చేశారు, ప్రతి బడికీ ఒక పద్ధతి ఉండాలని, సిబ్బందికి నేర్పాలని. ఇంగ్లండులో 2017 నుంచి బడులే ఆ మందు పెన్నులు కొని పెట్టుకోవచ్చు. ఆ పెన్నులు మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరకవు, నాకు తెలుసు. నేనడిగేది పెన్నులు కాదు. ఫారంలో ఒక గడి. స్టాఫ్ రూమ్ గోడ మీద ఒక కాగితం: పెదవులు వాచి దగ్గో ఆయాసమో వస్తే ముందు 108కి ఫోన్, తర్వాత తల్లికి. పిల్లను నడిపించొద్దు, ఒంటరిగా వదలొద్దు. పీహెచ్‌సీ నంబరు, ఏఎన్ఎమ్మ నంబరు అక్కడే రాసి ఉండాలి. దీనికి ఏ బడ్జెట్ కావాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. నా గొడవ విని ఒకావిడ, "అందుకే బడిలో గుడ్లు బంద్ పెట్టాలక్కా, అందరికీ పడవు" అంది. వద్దు తల్లీ. మన సర్కారు బడుల్లో వారానికి మూడు గుడ్లు పెడుతున్నారు, ఆ మూడే దిక్కయిన పిల్లలున్నారు. నా కొడుకు పేరు చెప్పి వాళ్ళ కంచంలో గుడ్డు తీసే హక్కు నాకు లేదు. గుడ్డు పడని పిల్లకు ఇంకోటి పెట్టండి, వంట చేసే అక్కకు ఆ పిల్ల పేరు చెప్పండి, చాలు. మా ఇంట్లోనూ సర్వపిండి చేస్తాను. పల్లీలు తీసేసి నువ్వులు ఎక్కువ వేస్తాను, అంతే.

అసలు తిండి సంగతి పక్కన పెట్టినా, సాంచల మధ్య బతికే మన పిల్లలకు ఆయాసం కొత్తా? పత్తి దూది ఇంట్లోనూ వాకిట్లోనూ ఎగురుతుంటుంది. ఇన్‌హేలర్ బ్యాగులో ఉంటే ఆట వస్తువని లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసిన బడి సంగతి మా వాడకట్టులోనే విన్నాను. తాళంచెవి సార్ దగ్గర, సార్ ట్రైనింగులో.

"కొంచెం కొంచెం పెడితే అలవాటైతది" అని సలహా ఇచ్చేవాళ్ళకు ఒక దండం. డాక్టరు కళ్ళముందు కొలత పెట్టి చేసే వైద్యం వేరు, మీరు పెళ్ళిలో నా కొడుకు నోట్లో లడ్డూ కుక్కడం వేరు. వాడు మీ ముందు పడిపోతే ఎత్తుకుని పరుగెత్తేది నేను.

ఈ జూన్‌లో వాణ్ణి ఆరో తరగతికి బడి మార్చాం. ఫారం నింపి, అడుగున ఎర్ర పెన్నుతో "పల్లీలు తింటే ప్రాణాపాయం, ముందు 108" అని రాసిచ్చాను. క్లర్కు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది కంప్యూటర్ల యాడ ఎక్కియ్యాలె మేడమ్? కాలమ్ లేదు కదా" అన్నాడు. పుట్టుమచ్చల దగ్గర రెండోది తీసేసి అక్కడ ఎక్కించమన్నాను. కాసేపు నా ముఖం చూసి, ఎక్కించాడు.